చిటపట ఆగేదాకా

ఆ బండికి బ్రేకులు వెతకడంలో మా ఆయన పదకొండు రోజులు గడిపారు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలించే మనిషి కనుక నేను పెద్దగా పట్టించుకోలేదు. పన్నెండో రోజున అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "రత్నం, దానికి బ్రేకులు లేవు" అన్నారు.

"ఎక్కడైనా పడిపోయాయా?" అన్నాను.

"పడిపోలేదు. పుట్టుకతోనే లేవు."

ముఖం చూస్తే మనవడు పుట్టిన కబురు చెప్పడానికొచ్చిన మనిషిలా ఉన్నారు. పెరుగు వేసుకోమని చెప్పి నేను లేచి వెళ్ళిపోయాను.

ఆయన పేరు సాంబమూర్తి. తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చి, హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. దిల్‌సుఖ్‌నగర్ పి అండ్ టి కాలనీలో మా ఇల్లు. కార్లు పెట్టుకునే చోట అందరికీ కారుంటే, మాకు లేతు మిషనుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన వస్తువును పక్కన పారేసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. కూరలో ఉప్పు తేడా మాత్రం ఏనాడూ కనిపెట్టలేదు, అందుకే కాపురం నిలబడింది.

ఆయన్ని భరించగలిగిన రెండో ప్రాణి బాలమల్లు. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు వైపు అతనికి ఒక రేకుల షెడ్డుంది. మోటారుసైకిళ్ళు బాగుచేస్తాడు, వెల్డింగ్ చేస్తాడు. ఇరవై ఏళ్ళ కిందట మా స్కూటరు అతని షెడ్డు ముందు ఆగిపోయింది. బాగయ్యాక స్కూటరు ఇంటికొచ్చింది కానీ మా ఆయన సగం అక్కడే ఉండిపోయారు.

రెండువేల పదకొండు ఆగస్టు వానలకి, బాటసింగారం దగ్గరి ఊళ్ళో బాలమల్లు వాళ్ళ పాత ఇంటి గోడ కూలింది. ఒక్కతే ఉంటున్న తల్లి ఈరమ్మను అతను ట్రాలీ ఆటోలో తీసుకొచ్చాడు. మంచం, బిందెలు, రోలు, ఆమె, వాటన్నిటి కింద గోనెపట్టాలు చుట్టిన ఈ బండి. "అమ్మను తెద్దమని పోతే గిది గూడ ఒచ్చింది సారు. దీన్ని ఇడిసిపెట్టి రానన్నది" అన్నాడు బాలమల్లు.

గోనెపట్టాలు విప్పగానే మా ఆయన నిలుచున్నచోటే కూలబడ్డారు. అది పందేల బండి. మట్టి మైదానంలో గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగే పందెం కోసం ఇంగ్లండులో తయారైంది. ఇంజిన్ మీద జె.ఎ.పి. అని మూడక్షరాలు పోతపోసి ఉన్నాయి. సిలిండరు ఒక్కటే, పెద్ద మరచెంబంత. గేర్లు లేవు. లైటు లేదు. ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతుంది కనుక కాలు పెట్టుకునే కడ్డీ కుడివైపు మాత్రమే ఉంది, ఎడమకాలికి ఇనుప చెప్పు తొడుక్కుని నేలమీద జారుస్తూ నడపాలట. అది తాగేది పెట్రోలు కాదు, మిథనాల్. ఇంజిన్‌లోకి పోసే నూనె మన బళ్ళలోలాగా తిరిగి తిరిగి రాదు. చిన్న పంపు కొత్త నూనెను బొట్లుబొట్లుగా లోపలికి పంపుతూనే ఉంటుంది. పని అయిపోయిన నూనె కాలిపోతుంది, మిగిలింది మట్టిలో కారిపోతుంది.

"బ్రేకులెందుకు లేవో తెలుసా? ముందువాడు బ్రేకు వేస్తే వెనక ముగ్గురూ వాడి మీద నుంచి పోతారు. ఎవడికీ లేకపోతే అందరూ క్షేమం. ఎంత ఆలోచించి చేశాడో చూడు" అని నాకు పాఠం చెప్పారు మా ఆయన. నాకు మాత్రం, ఆపడం చేతకాని మగవాళ్ళు తమకోసం తాము చేసుకున్న బండిలా కనిపించింది.

ఈరమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. "చూస్కోండ్రి, తుడ్సుకోండ్రి. ఇప్పద్దు" అంది. ఒక్క బోల్టు కూడా విప్పకూడదన్న మాట. విప్పకుండా యంత్రాన్ని చూడమంటే మా ఆయనకి విస్తరి ముందు కూర్చోబెట్టి చేతులు కట్టేసినట్టే. కానీ ఆవిడ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంటుంది, చూపు మాత్రం సూదిలా దిగుతుంది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకి మెట్లున్న సంగతి పిల్లలు కూర్చోనప్పుడు కానీ తెలియలేదు. బాలమల్లు పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం వచ్చి షెడ్డు తెరిచేవాడు. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు. "మీ సమ్మెకి నా లేతు ఏం అన్యాయం చేసిందయ్యా?" అనేవారు మా ఆయన. "రాష్ట్రం రానియ్యి సారు, నీ లేతుకు స్పెషల్‌గ వైరు గుంజిస్త" అనేవాడు అతను. టీవీలు చూస్తే ఈ ఊళ్ళో మేమంతా ఒకరినొకరం పీక్కుతింటున్నామని చెప్పేవి. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకే గ్లాసులో టీ పంచుకుంటూ బండిని గుడ్డతో తుడుస్తుండేవారు.

ఒకరోజు నేను ఈరమ్మ మోకాళ్ళ నొప్పికని ఆముదం సీసా పట్టుకెళ్ళాను. షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. ఆవిడ నీడలో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మూత తీశానో లేదో, నా చెయ్యి విసిరికొట్టింది. సీసా బండల మీద పడి ముక్కలైంది. నాకు కోపం వచ్చింది. వస్తే ఆపుకునే అలవాటు నాకు లేదు. "ఇష్టం లేకపోతే నోటితో చెప్పవచ్చుగా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి తెచ్చాను!" అని అరిచాను.

బాలమల్లు పరుగెత్తుకొచ్చి గాజుపెంకులు ఏరాడు. "మా ఇంట్ల ఆముదం రానియ్యది అక్కా. తెల్వక తెచ్చినవ్, నీ తప్పు గాదు. ఊరంత ఆముదం పండుతది, మా ఇంట్ల చుక్క ఉండది. మా ఊర్ల పుట్టిన పోరగాండ్లందరికి మాడుకు ఆముదం పెట్టిన్రు, నాకు కొబ్బరినూనె పెట్టింది. నా పిల్లలకు గూడ గంతే" అన్నాడు.

నేలమీద పరుచుకున్న ఆముదం వాసన పైకి లేస్తోంది. ఈరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"కోపం జెయ్యకు బిడ్డా. ఇను. నా పెనిమిటి గోపయ్య సికింద్రాబాదుల ఒక ఇంగ్లీషు ఇంజినీరు దొర కాడ మిస్త్రీ పని జేసెటోడు. దొరదే ఈ బండి. దొరకు నడుము పట్టుకుంటే, 'గోపయ్యా, ఇగ నువ్వే నడుపు' అన్నడు. మస్తు నడిపిండు. దీనికి పోసె నూనె సీమ నుంచి డబ్బలల్ల ఒచ్చేది. గది గూడ ఆముదమే నట. ఒక యేడు డబ్బలు రాలే. 'నీ చేతి ఆముదం తేటగుంటది ఈరీ, నువ్వే కాయి' అన్నడు. గింజలు ఏంచి, దంచి, నీళ్ళల్ల ఉడికిచ్చి, పైకి తేలింది తీసి మళ్ళ కాస్తం. గిన్నెల చిటపట చిటపట అంటది. అది ఆగేదాక దించొద్దు. ఆగకపోతె ఇంక నీళ్ళున్నట్టు. మూడు పందాలు నా ఆముదంతోనే గెల్సిండు."

అక్కడ ఆగింది. బాలమల్లు పెంకులు ఏరడం ఆపి తలొంచుకున్నాడు. ఈ కథ అతను విన్నదే కాబోలు.

"నాలుగో పందానికి వీడు నా కడుపుల ఎనిమిది నెలలు. పొయ్యి కాడ కూసుంటె నడుములు ఇరుగుతున్నయ్. చిటపట ఆగకముందే దించిన బిడ్డా. గంతనే, ఏమైతదిలే అనుకున్న. తెల్లారి మూడో సుట్టుల ఇంజన్ పట్టేసింది. ఎనుక చక్రం ఆగిపోయి ఎగిరి కంచె మీద పడ్డడు. మళ్ళ లేవలే. నాటు ఆముదం పోస్తె గిట్లనే అయితదని అక్కడున్నోళ్ళందరు అన్నరు. దొర ఒక్క మాట అనలే. బండి మా ఇంటికి పంపి సీమకు పోయిండు."

కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

"యాబై ఆరేండ్లాయె. నేనే సంపుకున్న."

ఆవిడ చెయ్యి వదిలిపెట్టాలనిపించలేదు. సీసా గురించి అరిచినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. విన్నారు. తర్వాత, "విప్పి చూస్తే తెలుస్తుంది రత్నం. ఇంజిన్ పట్టేసిందంటే, ఎందుకు పట్టేసిందో ఆ గుర్తులు లోపలే ఉంటాయి. ఆ రోజు నుంచీ ఎవరూ తెరవలేదు" అన్నారు.

"నీళ్ళ వల్లే అని తేలితే?"

"తేలితే తేలుతుంది."

"ఇన్నాళ్ళూ అనుమానం. మీరు విప్పి, కళ్ళజోడు పెట్టుకుని చూసి, అవునమ్మా మీరే చంపారు అని సర్టిఫికెట్ ఇస్తారా? మీకు మనుషుల కంటే బోల్టులే ఎక్కువ!" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకి అన్నం పెట్టాను, మాట మాత్రం పెట్టలేదు.

మూడో రోజున ఆయన నాతో చెప్పకుండా వెళ్ళి, ఈరమ్మ మంచం పక్కన కింద కూర్చున్నారట. ఏది తేలినా దాచకుండా చెబుతానని, ఇష్టం లేకపోతే ఇక ఎప్పుడూ అడగనని అన్నారట. ఆవిడ బండివైపు చాలాసేపు చూసి, "ఇప్పుండ్రి. నాదే తప్పయితె గదే తేలని. తెల్వకుండ పోవుడు కంటె మంచిదే" అందట.

విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రతి బోల్టుకీ కిరోసిన్ పోసి ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు సుతారంగా తిప్పేవారు. కరెంటు లేదు కనుక తలుపు దగ్గరికి లాగి వెలుతురులో పని. నాలుగోరోజు మధ్యాహ్నం నేను పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి ఇద్దరూ ఒక చిన్న ఇనుప ముక్కమీదికి వంగి ఉన్నారు. అది నూనె పంపు, నా పిడికిలంత ఉంది. ఇంజిన్ పక్క మూతకి రెండు బోల్టులతో బిగించి ఉండేదట.

"రత్నం, ఇటు రా. చూడు" అన్నారు మా ఆయన. ఆ గొంతు విని నాకు భయం వేసింది.

పంపుకీ ఇంజిన్ మూతకీ మధ్య ఒక అట్టముక్క ఉంది. నూనె బయటికి కారకుండా మధ్యలో పెట్టే అట్ట, దాన్ని ప్యాకింగ్ అంటారు. దానికి పంపువైపు ఆముదం పేరుకుని, ఎండి, పాతబెల్లంలా గట్టిపడి ఉంది. ఇంజిన్‌వైపు పొడిగా ఉంది. ఒక్క జిడ్డు మరకైనా లేదు. మా ఆయన అట్టను జాగ్రత్తగా ఊడదీసి వెలుతురుకి ఎత్తి పట్టారు. బోల్టులు దూరడానికి రెండు రంధ్రాలున్నాయి.

"మూడోది ఉండాలి. మధ్యలో, సూదిమొనంత. నూనె పంపులోంచి ఇంజిన్‌లోకి వెళ్ళే దారి అదొక్కటే. పొడవడం మర్చిపోయారు. నూనె ఇక్కడిదాకా వచ్చి ఈ అట్టకి కొట్టుకుని ఆగిపోయింది. ముందునుంచీ లోపలున్న తడితో రెండు చుట్లు తిరిగింది, మూడో చుట్టులో పట్టేసింది. ఆవిడ ఆముదంలో నీళ్ళున్నా, పాలున్నా, అమృతమున్నా ఒకటే. ఆ రోజు ఒక్క బొట్టు కూడా లోపలికి పోలేదు."

నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. పులిహోర డబ్బా అక్కడే పడేసి ఈరమ్మకి చెప్పడానికి పరుగెత్తబోయాను. బాలమల్లు నా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగు అక్కా."

అతను ఆ అట్ట అంచుని చూస్తున్నాడు. ప్యాకింగ్ కోయడానికి వీళ్ళు కత్తెర వాడరు. అట్టను ఇనుపముక్క మీద పెట్టి, అంచు వెంట గుండు సుత్తితో చిన్నగా కొడుతూ పోతే, అట్ట ఆ ఆకారానికే తెగుతుంది. బాలమల్లు తన పెట్టెలోంచి ఒక పాత సుత్తి తీశాడు. దాని ముఖం మీద నెలవంకలా చిన్న నొక్కు ఉంది. క్యాలెండరు అట్ట ఒకటి తెచ్చి రెండు దెబ్బలు కొట్టి, ఆ పాత ప్యాకింగ్ పక్కన పెట్టాడు. రెండింటి అంచునా అదే నెలవంక.

"ఇది మా నాయిన సుత్తి. దీన్ని ఇంకెవల్ని ముట్టనిచ్చెటోడు గాదంట. ప్యాకింగ్ కోసింది మా నాయినే" అన్నాడు.

చౌరస్తా నుంచి శిబిరం మైకులో పాటలు వినిపిస్తున్నాయి.

"నీ తప్పు గాదని చెప్పాలంటే, గాయన తప్పే అని చెప్పాలె. ఎట్ల జెప్పాలె సారు? గాయన పేరు మీదనే బతికింది మా అమ్మ. ఇరవై ఏండ్లకు ముండమోసి, మళ్ళ పెండ్లి జేసుకొమ్మంటే, గోపయ్య అసువంటోడు ఇంకోడు లేడన్నది. గా పనోడు, గా చెయ్యి అని నాకు చిన్నప్పటి సంది చెప్పి చెప్పి గీ సుత్తి చేతికిచ్చింది. ఇప్పుడు నేనే పోయి..." అని ఆగిపోయాడు బాలమల్లు. యాభై ఆరేళ్ళ మనిషి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది.

ఇలాంటప్పుడు అబద్ధానికి మించిన మందు లేదని నేను తేల్చేశాను. "దొర దగ్గర ఇంకో మిస్త్రీ ఉండేవాడు, వాడు కోశాడు అని చెబుదాం. వాడెవడో, ఎప్పుడో పోయే ఉంటాడు."

"దాచకుండా చెబుతానని ఆవిడకి మాటిచ్చాను" అన్నారు మా ఆయన.

"మిమ్మల్ని చెప్పమనలేదు. నోరు మూసుకుని నిలబడండి, చాలు. చెప్పేది నేను."

అలా ముగ్గురం కట్టుగా వెళ్ళాం. నేను మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, అట్టముక్క ఆవిడ చేతిలో పెట్టి, రంధ్రం సంగతి విడమరిచి చెప్పాను. ఆముదం బొట్టు కూడా లోపలికి వెళ్ళలేదని మూడుసార్లు చెప్పాను. "దొర దగ్గరి వేరే మిస్త్రీ ఎవడో కోసి పెట్టాడట. మధ్యలో పొడవడం మర్చిపోయాడు. నీ తప్పేమీ లేదు ఈరమ్మా. నువ్వు చంపలేదు" అన్నాను. అబద్ధాన్ని నేను బాగానే చెప్పగలను, ఆ రోజు మరీ బాగా చెప్పాను.

ఆవిడ వింటున్నట్టు లేదు. అట్టముక్కను కొంగుతో తుడుస్తోంది. తుడిచిన కొద్దీ గోధుమరంగు జిడ్డు కింద ఎర్రగా ఏదో బయటపడింది. సగం చక్రం, దాని పక్కన రెక్కలాంటి బొమ్మ. ఆవిడ వేలు ఆ రెక్క మీద ఆగిపోయింది.

"ఇది నా పాసు" అంది.

మాకు అర్థం కాలేదు.

"పందెం చూడనీకి పాసు. ముందునాడు పొద్దుగూకంగ తెచ్చి చూపిచ్చిండు. రెక్కల చక్రం బొమ్మ. 'నా పెండ్లాం దొరసానుల పక్కన కుర్చీల కూసోని చూడాలె' అన్నడు. గింత కడుపేసుకోని ఎట్లొస్తనయ్యా అన్న. నవ్వుకుంట అంగి జేబుల పెట్టుకోని మళ్ళ బండి పనికి పోయిండు. తర్వాత ఆ పాసు కనపడలే." తలెత్తి నావైపు చూసింది. "వేరేటోని చేతికి నా పాసు ఎందుకిస్తడు బిడ్డా? ఆయనే కోసిండు."

నా అబద్ధం అక్కడికక్కడే ఊడిపోయింది. బాలమల్లు "అమ్మా" అని మంచం కోడు దగ్గర కూలబడ్డాడు. మా ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఇల్లు బాగుచేయబోయి నిప్పంటించినట్టయింది నా పని. ఆవిడ కూలిపోతుందనుకున్నాను. పట్టుకోవడానికి చెయ్యి కూడా చాపాను.

ఈరమ్మ అట్టను దీపంలా రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నా తప్పనుకున్నన్ని దినాలు నన్ను మాఫ్ జేసెటోడు లేకుండె. జేస్తె ఆయన జెయ్యాలె. ఆయననే సంపుకుంటి, ఇంకెవల్ని అడగాలె? ఇప్పుడు ఆయన తప్పంటున్నరు." ఊపిరి పీల్చుకుంది. "మంచిగయింది. మాఫ్ జేసెతందుకు నేనున్న."

నేను ఏడ్చాను. ఎవరి ముందూ ఏడవను నేను, ఆ రోజు షెడ్డు వెనక మంచం మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడే నా వీపు నిమిరింది.

"ఇరవై నాలుగేండ్లు ఆయనకు. మనుమని ఈడు పోరడు" అంది నవ్వుతూ. "ఇంట్ల పెండ్లాం ఒక్కతే ఉన్నదని తొందర్ల కోసి ఉంటడు. మర్శిపోయిండు." తర్వాత కొడుకు భుజం తట్టి, "లెవ్వు. ఊరికెల్లి ఆముదాలు తెప్పియ్యి" అంది.

ఆ మాట తర్వాత షెడ్డులో పని నడిచిన తీరు నేను ఎప్పుడూ చూడలేదు. కరెంటున్న గంటల్లో మా ఆయన లేతు మీద అరిగిన బుష్షులన్నీ కొత్తవి చేశారు, లేనప్పుడు చేత్తో ఆకురాయి పట్టి రుద్దారు. మూసారాంబాగ్‌లో ఎవరో తెలిసిన కెమికల్ దుకాణం నుంచి మిథనాల్ వచ్చింది. బాలమల్లు తండ్రి సుత్తితో కొత్త ప్యాకింగ్ కోశాడు. నా వంటింటి క్యాలెండరు వెనక అట్ట దానికే పోయింది, అక్టోబరు ఇంకా అయిపోకముందే. మధ్య రంధ్రం మాత్రం అతను పొడవలేదు. తల్లి చేతికి దబ్బనం ఇచ్చాడు. ఆవిడ పొడిచి, ఆకాశంవైపు ఎత్తి పట్టుకుని, ఆ రంధ్రంలోంచి ఒక కన్నుతో మమ్మల్నందరినీ చూసింది.

ఆముదం కాచిన రోజు నేను పొయ్యి దగ్గర ఆవిడ పక్కనే కూర్చున్నాను. గింజలు తనే వేయించింది, దంచడం నా వంతైంది. రెండోసారి కాచేటప్పుడు గిన్నెలో చిటపట మొదలైంది.

"నా చెవులకు సరిగ్గ ఇనొస్తలేదు. నువ్వు జెప్పు. ఆగిందా?"

"లేదు."

పొగకి నా కళ్ళు మండుతున్నాయి. ఎండ గోడెక్కింది. "ఆగిందా?" అని మళ్ళీ అడిగింది. "దాదాపు ఆగింది ఈరమ్మా, దించేద్దాం" అన్నాను.

"దాదాపు అనకు బిడ్డా" అంది మెల్లగా. నేను నోరు మూసుకుని, చిట్టచివరి చప్పుడు కూడా పోయేదాకా కూర్చున్నాను. గిన్నె నిశ్శబ్దమయ్యాక చెప్పాను. అప్పుడు దించింది. లోపల అడుగు కనిపించేంత తేటగా ఉంది.

బంద్ ఉన్న రోజు చూసి, మీర్‌పేట్ దగ్గర చదును చేసి వదిలేసిన ప్లాట్ల జాగాకి బండిని తీసుకెళ్ళాం. దాన్ని తోసి స్టార్ట్ చేయాలి. శిబిరం నుంచి నలుగురు వచ్చారు. "జర జోర్‌గ తొయ్యి ఆంధ్ర సారు, తెలంగాణ బండి నడ్వాలె" అని ఒకతను మా ఆయన్ని ఆటపట్టించాడు. "ఇంగ్లండు బండయ్యా అది" అని రొప్పుతూ తోశారు ఆయన. రెండు దగ్గులు దగ్గి, ఒక్కసారిగా అంటుకుంది. చెవులు గింగుర్లెత్తిపోయాయి. నీలంపొగ లేచింది, దాంతోపాటే కాలిన ఆముదం వాసన. నేను గబుక్కున ఈరమ్మ ముఖం చూశాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి తీసుకుంటోంది.

బాలమల్లు మెల్లగానే నడిపాడు. తల్లికి మాటిచ్చాడు. ఎడమవైపుకి, గుండ్రంగా. ఈరమ్మ వేళ్ళు మడుస్తోంది.

"ఒకటి."

మా ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"రెండు."

మూడో చుట్టు మొదలైంది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజులు చర్మంలోకి దిగాయి. దూరపు మలుపులో ఒక్క క్షణం దుమ్ములో బండి కనిపించలేదు, చప్పుడు మాత్రం తెగకుండా వస్తోంది. నేను లెక్క మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

"మూడు" అంది. తర్వాత చాలాసేపటికి, ఇంజిన్ మా ముందు నుంచి వెళ్ళిపోయాక, "నాలుగు."

నా చెయ్యి వదిలింది.

బాలమల్లు ఇంజిన్ కట్టేసి, బండిని జారనిచ్చి, మా ముందుకొచ్చి ఆగాడు. హెల్మెట్ తీశాడు. ముఖం మీది దుమ్ములో చెమట కాలువలు కట్టి ఉంది. "అమ్మా" అని ఇంకేదో అనబోయాడు.

"కూసో" అంది ఈరమ్మ.

అతను ఆవిడ కాళ్ళ దగ్గర మట్టిలో కూర్చున్నాడు. ఆవిడ వెంట తెచ్చుకున్న గిన్నెలో కొంచెం ఆముదం మిగిలి ఉంది. నాలుగు వేళ్ళు ముంచి, ఆ యాభై ఆరేళ్ళ బట్టతల నడినెత్తి మీద పెట్టి, అరచేత్తో మెల్లగా అద్దింది.

"ఊకె కదలకురా, కండ్లల్ల పడతది" అంది.